సెసీల్ షామినాద్ తొలి రికార్డులు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పియానో నేర్పుతుంటాను. చెయ్యి కాస్త తిరిగిన పిల్లలకు సెసీల్ షామినాద్ రికార్డులు తప్పక వినిపిస్తాను. 1857లో పారిస్‌లో పుట్టిన ఈ స్వరకర్త 1901 నవంబరులో లండన్ వెళ్లి గ్రామఫోన్ కంపెనీ కోసం తన రచనలను తానే వాయించి రికార్డు చేశారు. కలకత్తాలో గాయని గౌహర్ జాన్ తొలిసారి రికార్డుకు పాడింది ఆ మరుసటి ఏడాది నవంబరులో, అదే గ్రామఫోన్ కంపెనీకి. షామినాద్ రికార్డులు వినగానే పిల్లలూ పెద్దలూ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మనకు వినిపించే వేగమే ఆవిడ వాయించిన వేగం.

వాస్తవం: ఇది తేలకుండా మిగతా ఏదీ తేలదు. నిమిషానికి 78 చుట్లు అనే లెక్క అప్పటికి స్థిరపడలేదు. 74 చుట్ల మీద చేసిన రికార్డును 78 మీద తిప్పితే మూడు నిమిషాల పాట సుమారు తొమ్మిది సెకన్లు ముందే అయిపోతుంది. శ్రుతి కూడా దాదాపు ఒక అరస్వరం పెరుగుతుంది. అంటే ఒకటో శ్రుతిలో వాయించింది ఒకటిన్నరలో వినిపిస్తుంది. అందుకే ముందు అచ్చు నొటేషన్‌లోని శ్రుతితో పోల్చి చూడండి. ఆ నాటి పియానోలన్నీ నేటి 440కే (అంటే ‘ఎ’ స్వరం సెకనుకు 440 కంపనాలు) శ్రుతి చేసి ఉండేవి కావు, ఫ్రాన్స్‌లో అప్పటి అధికారిక ప్రమాణం 435. కాబట్టి ఒకే అంకె పట్టుకుని కూర్చోకండి. కంప్యూటర్‌లో సరిచేసేటప్పుడు శ్రుతి, వేగం రెండూ కలిసి మారాలి. టెంపో ఒక్కటే మారిస్తే కొత్త తప్పు వచ్చి చేరుతుంది.

అపోహ: రెండు చేతులూ కలవడం లేదు, అంటే లయ రాదు.

వాస్తవం: ఈ మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎడమ చెయ్యి ముందు పడటం, కుడి చేతి స్వరం ఒక రవ్వ వెనక రావడం, కార్డ్‌ను (కలిసి మోగాల్సిన స్వరాల గుంపును) విడదీసి మీటడం ఆ తరం పియానిస్టుల్లో చాలామందికి అలవాటే. తాళం మొదలయ్యాక పాట ఎత్తుకునే అనాగత ఎడుపు విన్న మన చెవికి ఇది వింతగా తోచనక్కర్లేదు.

అపోహ: శబ్దం పేలవంగా ఉంది, నాసిరకం పియానో.

వాస్తవం: అప్పటికి రికార్డింగ్‌లో మైకు వాడకం లేదు. గరాటు లాంటి హారన్ ముందు వాయించాలి. మంద్రస్థాయి, పైస్థాయి చాలావరకు పోతాయి. మృదువుగా నొక్కిన స్వరం రికార్డు బుసలో కలిసిపోతుంది. ఆ బుసను యాప్‌తో పూర్తిగా తీసేస్తే స్వరం మొదలయ్యే ఆ చురుకు కూడా పోతుంది, కొంచెం ఉంచండి.

అపోహ: ఇంటి ముందుగదిలో వాయించుకునే ఆడవాళ్ల సంగీతం ఇది.

వాస్తవం: తండ్రి ఒప్పుకోక పారిస్ కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) చేరలేకపోయినా, అక్కడి గురువుల దగ్గరే విడిగా నేర్చుకున్నారు. ఆవిడ రాసిన 1902 నాటి ఫ్లూట్ కాన్సర్టీనోను (ఫ్లూట్, వాద్యబృందం కలిసి వాయించే చిన్న రచనను) ఫ్లూట్ వాద్యకారులు ఇప్పటికీ వాయిస్తున్నారు. 1913లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చిన లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం అందుకున్న తొలి మహిళా స్వరకర్త ఆవిడే.

అపోహ: స్వరకర్తే వాయించారు కాబట్టి మక్కీకి మక్కీ అలాగే వాయించాలి.

వాస్తవం: రికార్డు ఒక వైపు పట్టేది రెండు మూడు నిమిషాలే. ఆవిడ ఎక్కడైనా తొందరపడితే అది రచన కోరిందా, సమయం తరిమిందా అన్నది అడగాల్సిన ప్రశ్న. నా పిల్లల చేత ముందు నొటేషన్ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టిస్తాను, ఎక్కడ ఆగారు, ఎక్కడ ఉరికారు, అచ్చులో లేనిది ఏం చేశారు అని. ఆ తర్వాతే పియానో మూత తీయనిస్తాను.