బొటనవేలి మొదట్లో 12 కిలోల బరువు

యాభై దాటిన మనిషి వేళ్లు నొప్పిగా ఉన్నాయని చెబితే ఇంట్లోనైనా, చాలాసార్లు ఆస్పత్రిలోనైనా వచ్చే జవాబు ఒక్కటే: ‘‘వయసు కదా, తప్పదు.’’ ఆ మాట వినీ వినీ చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, నొప్పి గురించి చెప్పడమే మానేస్తారు. ఆ జవాబు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. చేతి నొప్పుల్లో చాలా రకాలున్నాయి. ఒక్కోదానికి పుట్టే చోటు వేరు, బాధించే వేళ వేరు, వైద్యం వేరు. కొన్ని చిన్న చికిత్సతో పూర్తిగా తగ్గిపోతాయి. ఒకటి రెండింటిని మాత్రం నెలల తరబడి వదిలేస్తే చెయ్యి శాశ్వతంగా పాడవుతుంది. అన్నిటినీ కలిపి వయసు ఖాతాలో వేసేస్తే ఏది ఏదో తెలిసే వీలే ఉండదు.

ముందు నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. ఒక్కో చేతిలో 27 ఎముకలుంటాయి. వాటిలో 8 మణికట్టులోనివే. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడ బయలుదేరిన పొడవాటి స్నాయువులు మణికట్టులోని ఇరుకు దారిగుండా వచ్చి వేలి ఎముకలను పట్టుకుంటాయి. పిడికిలి బిగిస్తూ రెండో చేత్తో ముంజేతిని తడిమితే ఆ కండరం కదలిక తెలుస్తుంది. కాబట్టి ‘చెయ్యి నొప్పి’ అన్నది కీలులో పుట్టవచ్చు, స్నాయువులో పుట్టవచ్చు, మణికట్టులో నలుగుతున్న నాడిలో (స్పర్శను మోసే నరంలో) పుట్టవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది కీళ్ల అరుగుదల. వైద్యులు ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటారు. గోటికి దగ్గరగా ఉండే చివరి కణుపుకు రెండు పక్కలా బఠానీ గింజంత గట్టి బుడిపెలు లేస్తాయి. ఉంగరం బిగుసుకుపోతుంది, వేలి కొస కాస్త పక్కకు ఒరుగుతుంది. వీటిని ప్రత్యేకంగా గుర్తించి రాసినవారు విలియం హెబర్డెన్ అనే ఇంగ్లండు వైద్యుడు. ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1802లో వచ్చిన పుస్తకంలో ఈ బుడిపెలకూ గౌట్‌కూ (యూరిక్ ఆమ్లం పెరిగి వచ్చే కీళ్ల జబ్బుకూ) సంబంధం లేదని స్పష్టంగా చెప్పారు. నేటికీ వాటికి ఆయన పేరే. రెండు వందల ఏళ్లు దాటినా మన దగ్గర ఇలాంటి వేళ్లు కనబడగానే యూరిక్ ఆమ్లం పరీక్ష చేయించుకుని, పప్పు తినడం మానేసేవాళ్లు చాలామంది. ఈ బుడిపెలు తల్లి నుంచి కూతురికి కుటుంబాల్లో నడుస్తాయి. నెలసరి ఆగిపోయాక స్త్రీలలో ఎక్కువగా బయటపడతాయి. లేస్తున్న రోజుల్లో ఎర్రబడి సలుపుతాయి. కొన్ని నెలలకో, ఏడాది రెండేళ్లకో సలుపు తగ్గి బుడిపె మాత్రం మిగిలిపోతుంది. చూడటానికి భయంగా ఉన్నా, అలాంటి వేళ్లతోనే పూలు కడుతూ, మిషను కుడుతూ దశాబ్దాలు గడిపేవాళ్లున్నారు.

నిజంగా పని చెడగొట్టే అరుగుదల మరోచోట ఉంటుంది. అది బొటనవేలు మణికట్టుతో కలిసే మూలం. రెండు జీనులను ఒకదానిపై ఒకటి అడ్డంగా బోర్లించినట్టు అమరిన కీలు అది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్లకూ ఎదురుగా తిరగగలగడం దానివల్లే. ఆ స్వేచ్ఛకు చెల్లించే ధర కూడా పెద్దదే. 1977లో కూనీ, చావో అనే పరిశోధకులు లెక్కగట్టినదాని ప్రకారం బొటనవేలి కొసతో ఒక కిలో బలంతో ఏదైనా నొక్కి పట్టుకుంటే, మొదట్లోని ఈ కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుంది. గట్టిగా పట్టు బిగిస్తే అది ఇంకా ఎన్నో రెట్లు. పచ్చడి సీసా మూత తిప్పుతున్న చేతిని ఒకసారి దగ్గరగా చూడండి. చూపుడువేలు మూత అంచును చుట్టుకుంటుంది, బొటనవేలి కొస ఎదురునుంచి నొక్కుతుంది, వేలి మధ్య కణుపు వెనక్కి వంగుతుంది. కీలు అరిగిన చేతిలోనైతే మణికట్టు పక్కన ఒక మెట్టులా ఎముక పొడుచుకొస్తుంది. నొప్పి సరిగ్గా అక్కడే. తాళం తిప్పడం, జంతికల గొట్టం నొక్కడం, తడి చీర పిండడం, గ్యాసు లైటరు నొక్కడం అన్నీ ఆ చోటినే పరీక్షిస్తాయి.

కీలు చివర్లలో ఉండే నున్నటి పొర మృదులాస్థి. వాడుకలో ‘గుజ్జు’ అంటున్నది దాన్నే. దానికి రక్తనాళాలు లేవు, నాడులూ లేవు. అంటే అరిగేటప్పుడు అది నొప్పి పుట్టించదు. నొప్పి చుట్టూ ఉన్న ఎముకదీ, వాచిన లోపలి పొరదీ, సాగిన బంధనాలదీ. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనబడే చెయ్యి నొప్పి లేకుండా ఉండవచ్చు. కొద్దిగా అరిగిన చెయ్యి నిద్రపోనివ్వకపోవచ్చు. రక్తం అందని ఆ పొరకు ఆహారం కీలులోని ద్రవం నుంచే అందాలి. ఒత్తిడి పడినప్పుడు ద్రవాన్ని వదిలి, తగ్గినప్పుడు తిరిగి పీల్చుకునే స్పాంజిలా అది పనిచేస్తుంది. కాబట్టి కీలు కదలాలి. నొప్పి ఉందని చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండరాలు సన్నబడతాయి, కీలు మరింత బిగుసుకుంటుంది. అరుగుదల ఉన్నవారికి నేను చెప్పదలచినది ఇదొక్కటే: పని మానకండి, పనిలోని బరువు తగ్గించండి.

మెటికలు విరిస్తే కీళ్లు అరుగుతాయన్న భయం కూడా ఇక్కడే తీర్చేయాలి. అమెరికా వైద్యుడు డోనాల్డ్ అంగర్ యాభై ఏళ్ల పాటు ఒక్క ఎడమ చేతి మెటికలే విరిచి, కుడి చేతిని అలాగే వదిలి, చివరికి రెండింటిలోనూ ఆర్థ్రైటిస్ లేదని 1998లో రాశారు. ఒక మనిషి మీద చేసిన పరీక్షే అయినా, ఆయన ఓపికకు నమస్కరించాలి.

ఇక కీలుతో సంబంధం లేని నొప్పులు. అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, విదిలిస్తే హాయిగా ఉంటే అనుమానం మణికట్టు మీదకు పోవాలి. అక్కడి సొరంగంలో తొమ్మిది స్నాయువులతో పాటు ఒక నాడి కూడా దూరి వెళ్తుంది. చోటు ఇరుకైతే ముందు నలిగేది నాడే. దీని పేరు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి వేరే నాడి ఉంది కనుక అది బాగానే ఉంటుంది. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో ఇది ఎక్కువ. మణికట్టు వంగకుండా రాత్రిపూట పట్టీ కట్టుకుంటే తొలిదశలో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

ముడిచిన వేలు తెరవబోతే పట్టేసి, ‘టక్’మని తెరుచుకుంటే అది ట్రిగ్గర్ ఫింగర్. స్నాయువు ఉబ్బి, అరచేతిలో వేలి మొదట ఉన్న తొడుగులో ఇరుక్కోవడం దాని కారణం. ఆ చోట ఇచ్చే ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది. మధుమేహం ఉన్నవాళ్లు మాత్రం ఆ తర్వాత కొన్ని రోజులు చక్కెర చూసుకోవాలి. మణికట్టుకు బొటనవేలి వైపున, కాస్త పైకి పోటు వస్తే అది డి కెర్వెయిన్ నొప్పి. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వెయిన్ 1895లో వర్ణించారు. పసిపిల్లలను ఎత్తుకునే తల్లులలో ఇది ప్రసిద్ధం. కూతురి కాన్పు కోసం అమెరికా వెళ్లిన అమ్మమ్మలకూ వస్తుంది. బొటనవేళ్లు చాచి, బిడ్డను చంకల కింద పట్టి రోజుకు ఎన్నోసార్లు లేపడం దీన్ని రేపుతుంది. అరచేతులు పైకి తిప్పి, ఒక చెయ్యి పిరుదుల కిందా మరొకటి వీపు కిందా పెట్టి ఎత్తితే ఆ స్నాయువుల మీద భారం తగ్గుతుంది.

ఆలస్యం చేయకూడని జబ్బు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, మన కీళ్లవాతం. ఇది అరుగుదల కాదు. శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. తేడా పట్టుకోవడానికి పొద్దున్న నిద్రలేచిన వేళ ముఖ్యం. అరుగుదల ఉన్న వేళ్లు లేవగానే బిగుసుకున్నా, సాధారణంగా అరగంటలోపు సడలుతాయి. కీళ్లవాతంలో గంట దాటినా కాఫీ గ్లాసు పట్టుకోవడం కష్టం. వేళ్లు అరచేతితో కలిసే పెద్ద మెటికలు, మధ్య కణుపులు, మణికట్లు మెత్తగా వాస్తాయి, ఎక్కువగా రెండు చేతుల్లోనూ. గోటి దగ్గరి కణుపులను ఇది సాధారణంగా ముట్టుకోదు. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి ఉండే నొప్పులు కూడా కొన్నిసార్లు ఇలాగే కనిపిస్తాయి. 2006 నాటి విజృంభణ తెలుగు పల్లెలకు బాగా గుర్తు. ఆరు వారాలు దాటినా వాపు పోకపోతే కీళ్లవాత నిపుణుడిని, అంటే రుమటాలజిస్టును, చూడటమే దారి.

మందు లేని కాలంలో ఈ జబ్బు ఏం చేసేదో ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ చేతులు చూస్తే తెలుస్తుంది. 1841లో పుట్టిన ఆయనకు యాభై దాటాక కీళ్లవాతం మొదలైంది. 1907లో దక్షిణ ఫ్రాన్సులోని కాన్య ఊళ్లో ఆలివ్ తోట కొనుక్కుని వెచ్చదనం కోసం అక్కడే స్థిరపడ్డారు. రోజూ బొమ్మ వేయడానికి ముందు వేళ్లు సడలడానికి బంతులు ఎగరేసి పట్టుకునేవారు. అది సాధ్యం కాకుండా పోయాక చిన్న కర్రముక్కను ఎగరేసి పట్టడం మొదలుపెట్టారు. లోపలికి ముడుచుకుపోయిన వేళ్లు అరచేతి చర్మాన్ని గాయపరచకుండా గుడ్డ చుట్టుకునేవారు. ఎవరో కుంచె అందిస్తే ఆ వేళ్ల మధ్య బిగించి పట్టేవారు. చెయ్యి అందినంత మేరకే గీయగలిగే స్థితి వచ్చినప్పుడు, కాన్వాసునే తిరిగే రోలర్ల మీద జరిపే ఏర్పాటు చేయించుకున్నారు. 1919 డిసెంబరులో చనిపోయేదాకా రంగులు వదలలేదు. ఆయన ధైర్యం కంటే ఆ ఏర్పాట్లే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటాయి. చెయ్యి మారినకొద్దీ పనిముట్టును మార్చుకుంటూ పోయారు.

నేడు అలాంటి చేతులు అరుదు కావడానికి పెద్ద కారణం మెథోట్రెక్సేట్. ఆ మందు వెనుక మన మనిషి ఉన్నాడన్నది ఎంతమందికి తెలుసు? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లమనే విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేసింది ఆయన బృందమే. ఆ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, దాని వెంటే మెథోట్రెక్సేట్ కూడా అక్కడే రూపుదిద్దుకున్నాయి. పిల్లల రక్త క్యాన్సర్‌ను అమినోప్టెరిన్ కొంతకాలం అదుపు చేసిందన్న ఫలితాలు వెలువడిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి ప్రయత్నించారు. 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బుకు ఆమోదించింది. దీని దుష్ప్రభావాలు తగ్గించడానికి తోడుగా ఇచ్చే మాత్ర ఫోలిక్ ఆమ్లం. కీళ్లవాతానికి ఈ మందు వాడేవారు ఒక విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి: ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలకే ముప్పు. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయించుకోవాలి.

నొప్పి మాత్రల విషయంలో మనం చాలా ఉదారంగా ఉంటాం. మందుల దుకాణంలో అడిగితే డైక్లోఫెనాక్ ఇచ్చేస్తారు. ఈ మందు వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పలుగా చనిపోయాయి. 2004లో పరిశోధకులు కారణం కనిపెట్టారు. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. మనిషి శరీరం రాబందుకంటే దీన్ని బాగా తట్టుకుంటుంది. అయినా రక్తపోటు, మధుమేహం, కడుపులో పుండు ఉన్న పెద్దవాళ్లు నెలల తరబడి మింగితే మూత్రపిండాలకూ, జీర్ణాశయానికీ, గుండెకూ ప్రమాదమే. చేతి కీళ్లు చర్మం కిందే ఉంటాయి కనుక అదే మందు జెల్ రూపంలో రాస్తే సరిపోవచ్చు. రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కాకపోతే రాశాక కనీసం గంటసేపు చెయ్యి కడగకూడదు. చేత్తో అన్నం తినే మనకు అందుకు వీలైన వేళ భోజనం, గిన్నెలు అన్నీ అయ్యాకే. ఇక ‘మూలికల పొడి’తో రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందని రుజువైన మాత్ర ఇప్పటివరకు ఏదీ లేదు.

ఇంట్లో చేయదగినవి చాలా ఉన్నాయి, ఖర్చు తక్కువ. సన్నటి పిడి కీలుకు శత్రువు. గరిటె, కత్తి, కలం పిడులకు గుడ్డ చుట్టి లావు చేస్తే వేళ్లు అంతగా బిగించనక్కర్లేదు. గుండ్రటి కుళాయి బదులు పొడవాటి పిడి ఉన్నది పెట్టించుకుంటే అరచేతితోనే తిప్పవచ్చు. కూరగాయల సంచిని వేళ్లకు తగిలించుకోకుండా ముంజేతికి వేసుకోవాలి. సీసా మూత మీద రబ్బరు గుడ్డ పరచి అరచేతితో తిప్పాలి. ఫోను రెండు బొటనవేళ్లతో టైపు చేయడం కంటే బల్ల మీద ఆనించి చూపుడువేలు వాడటం, లేదా తెలుగులో మాట్లాడి రాయించడం మేలు. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచి, వేళ్లు చాపడం, కొక్కెంలా వంచడం, పిడికిలి ముడవడం, బొటనవేలితో ఒక్కో వేలి కొసనూ తాకి గుండ్రటి సున్నా చుట్టడం, ఒక్కోటి పదిసార్లు. చేశాక రెండు గంటలు దాటినా నొప్పి ఉంటే మర్నాడు తగ్గించాలి. గట్టి రబ్బరు బంతి పిసకడం బొటనవేలి మొదలు అరిగినవారికి నొప్పిని పెంచవచ్చు. వాళ్లకు మెత్తటి పట్టీ మేలు. దాన్ని కనీసం మూడు నెలలు వాడి చూడాలి, వారంలో ‘పని చేయలేదు’ అని పక్కన పడేస్తే ఫలితం తెలియదు.

ఇవన్నీ చేసినా బొటనవేలి మొదట్లో నొప్పి పని చేయనివ్వకపోతే, అక్కడి చిన్న ఎముకను తీసేసే శస్త్రచికిత్స ఉంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది, కానీ నొప్పి తగ్గుతుంది. దాన్ని తొందరపడి చేయించుకోనక్కర్లేదు. కార్పల్ టన్నెల్ సంగతి వేరు. తిమ్మిరి రాత్రింబవళ్లూ వదలకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా, బొటనవేలి కింద అరచేతిలోని కండ ఒక చేతిలో పల్చబడినట్టు కనిపించినా, వెంటనే ఆ నాడి ఎలా పనిచేస్తోందో చూసే పరీక్ష చేయించుకుని శస్త్రవైద్యుడిని కలవాలి. ఇరుకైన దారిని తెరిచే ఆ ఆపరేషన్ చిన్నదే, చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి పంపుతారు. ఒకసారి పూర్తిగా కరిగిపోయిన ఆ కండ మాత్రం ఆపరేషన్ తర్వాత కూడా చాలామందికి తిరిగి రాదు.