గమే ద్రాక్ష, బోజొలే వైన్: తేలికదనం ఎక్కడి నుంచి వస్తుంది?

గమే ద్రాక్షపండును రెండుగా కోస్తే తొక్క నలుపుకు దగ్గరైన ఊదారంగులోనూ, లోపలి గుజ్జు దాదాపు రంగు లేకుండానూ కనిపిస్తుంది. రెడ్ వైన్‌కు రంగునూ వగరునూ ఇచ్చే పదార్థాలు ప్రధానంగా తొక్కలోను, గింజల్లోను ఉంటాయి కనుక, వాటితో రసం ఎంతకాలం, ఏ స్థితిలో కలిసి ఉందన్నదే వైన్ చిక్కదనాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి ఉత్తరాన ఉన్న బోజొలే కొండల్లో ఈ ద్రాక్షతో చేసే వైన్ తేలికైన రెడ్ వైన్లలో పేరెన్నికగన్నది. ఆ తేలికదనాన్ని లోపంగా లెక్కగట్టేవారు ఉన్నారు గాని, అది ఒక ప్రత్యేకమైన తయారీ పద్ధతి ఫలితం. భోజనంలో ఈ వైన్‌కు దక్కిన చోటుకు కూడా అదే కారణం.

గమే మీద చిన్నచూపు ఈనాటిది కాదు. 1395లో, బోజొలేకు ఉత్తరాన ఉన్న బర్గండీ ప్రాంతపు పాలకుడు డ్యూక్ ఫిలిప్ దీనిని ద్రోహి మొక్కగా దూషిస్తూ, తోటల్లోంచి పీకివేయాలని శాసనం జారీ చేశాడు. త్వరగా పండి విరగకాసే ఈ రకం కోసం రైతులు నాణ్యమైన పీనో నువార్ ద్రాక్షను వదిలేస్తున్నారన్నది ఆయన ఆందోళన. అయితే గమే స్వయంగా పీనోకూ, గూయే బ్లాన్ అనే సాదాసీదా తెల్లద్రాక్షకూ పుట్టిన సంతానమని 1999లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన తేల్చింది. తెల్లవైన్లకు ప్రసిద్ధి చెందిన షార్డొనే దీనికి తోబుట్టువు. డ్యూక్ వెళ్లగొట్టింది తాను మెచ్చిన ద్రాక్ష బిడ్డనే! దక్షిణాన బోజొలే గ్రానైట్ నేలల్లో గమే స్థిరపడింది.

సాధారణంగా రెడ్ వైన్ కోసం పండ్లను నలిపి, రసాన్ని తొక్కలతో, గింజలతో కలిపి ఈస్ట్‌తో పులియబెడతారు. పులిసేకొద్దీ పెరిగే ఆల్కహాల్ గింజల్లోని టానిన్లను, అంటే వగరునిచ్చే పదార్థాలను, లాగుతుంది. బోజొలే సంప్రదాయంలో పండ్లను ముందుగా నలపరు. చేత్తో కోసిన గుత్తులను కాడలతో సహా తొట్టిలో నింపుతారు. పైబరువుకు అడుగునున్న పండ్లు చితికి, ఆ రసం పులుస్తూ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఆ వాయువు తొట్టినంతా ఆక్రమించి గాలిని బయటికి నెట్టేస్తుంది. ఆక్సిజన్ అందని పై పండ్లలో అప్పుడు ఒక చిత్రం జరుగుతుంది: ఈస్ట్ ప్రమేయం లేకుండానే, పండులోని కణాలు తమ సొంత ఎంజైములతో చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడం మొదలుపెడతాయి. ఆల్కహాల్ సుమారు 2 శాతానికి చేరేసరికి ఆ కణాలు చనిపోతాయి. ఈలోగా పుల్లని మాలిక్ ఆమ్లం తగ్గుతుంది, స్ట్రాబెర్రీని తలపించే ఇథైల్ సిన్నమేట్ వంటి సుగంధ పదార్థాలు పెరుగుతాయి. ఆ దశలో ఒక పండును తీసి కోస్తే గుజ్జు గులాబీరంగుకు తిరిగి ఉంటుంది. తొక్కలోని రంగు లోపలికి దిగింది, గింజలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తర్వాత పండ్లను పిండి, మిగిలిన చక్కెరను ఈస్ట్‌కు అప్పగిస్తారు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిషెల్ ఫ్లాంజీ 1930లలో ఈ ప్రక్రియను శాస్త్రీయంగా పరిశీలించాడు.

నోటిలో టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. జారుడు పోయి నాలుక బిగుసుకున్నట్టు అనిపించడం అందువల్లనే. కొవ్వు దండిగా ఉన్న ఎర్రమాంసం ఆ వగరును మెత్తబరుస్తుంది గాని, కోడి వేపుడు వంటి తేలికపాటి వంటకానికి అంత శక్తి లేదు. టానిన్లు తక్కువై, పులుపు చురుగ్గా ఉండే గమే అక్కడ చక్కగా ఒదుగుతుంది. లియాన్‌లోని బూషోన్ అనే చిన్న భోజనశాలల్లో, ఉప్పటి ఎండు సాసేజ్ ముక్కలతో పాటు, 46 సెంటీలీటర్లు పట్టే మందపాటి అడుగు సీసాలో బోజొలేను పెడతారు. పులుపు సాసేజ్ కొవ్వును కడిగేస్తుంది, ఉప్పు వైన్‌ను మృదువుగా తోపింపజేస్తుంది.

చేపకు రెడ్ వైన్ పనికిరాదన్న నమ్మకానికీ కొంత ఆధారం ఉంది. వైన్‌లోని ఇనుము ఎక్కువైతే చేప కొవ్వుతో చర్య జరిగి నీచు వాసన పెరుగుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. కాబట్టి తప్పు రంగుది కాదు, ఇనుముది. సీసా మీద ఇనుము లెక్క ఎవరూ రాయరు కనుక రుచి చూసి తేల్చుకోవలసిందే.

చల్లదనం వగరునూ చేదునూ ఎత్తిచూపుతుంది; అందుకే టానిన్లు దండిగా ఉన్న వైన్‌ను చల్లబరచరు. తేలికపాటి బోజొలేకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి 12 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ వద్ద అది హాయిగా ఉంటుంది. ఏటా నవంబరు మూడో గురువారం విడుదలయ్యే బోజొలే నూవో, అంటే ఆ ఏటి కొత్త వైన్, ఈ కోవకు చెందినదే. దాని హంగామా వల్ల ప్రాంతమంతటికీ చవకబారు పేరు రావడం అన్యాయం. ఇక్కడే పేరుపొందిన 10 ప్రత్యేక ప్రాంతాలు ఉన్నాయి; వాటిలో మోర్గాన్, మూలాన్-ఆ-వాన్ వైన్లు ఏళ్ల తరబడి నిలవుంటాయి. ముదిరిన మూలాన్-ఆ-వాన్‌ను మరీ చల్లబరచకుండా, 15, 16 డిగ్రీల వద్ద, బాతు మాంసంతోనో ఉడికించిన గొడ్డుమాంసంతోనో తీసుకోవచ్చు.