పొరపాటున అడిగిన ప్రశ్న

1985లో అమెరికాలోని శాన్‌డియాగోలో ఊబకాయం తగ్గించే క్లినిక్ నడుపుతున్న డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి ఒక రోగి వివరాలు రాసుకుంటూ నోరు జారాడు. మొదటి లైంగిక అనుభవం నాటికి వయసెంత అని అడగబోయి, బరువెంత అన్నాడు. నలభై పౌండ్లు అందామె. అంటే 18 కిలోలు. సరిగా వినలేదేమోనని మళ్లీ అడిగాడు. అదే జవాబు చెప్పి ఏడ్చేసింది. అప్పుడామెకు నాలుగేళ్లు, ఆ పని చేసింది కన్నతండ్రి.

బరువు బాగా తగ్గుతున్నవాళ్లే క్లినిక్‌కు రావడం ఎందుకు మానేస్తున్నారో అప్పటిదాకా ఆయనకు అంతుపట్టలేదు. కారణం అక్కడుందేమోనని ఇక చిన్నతనం గురించి అందరినీ అడగడం మొదలుపెట్టాడు. తరువాత పరిశోధకుడు రాబర్ట్ ఆండాతో కలిసి 17,000 మందికి పైగా వివరాలు సేకరించాడు. దెబ్బలు, లైంగిక వేధింపు, తల్లి తన్నులు తింటుంటే చూడటం, ఇంట్లో తాగుడు... ఇలాంటివి ఎన్ని పోగుపడితే పెద్దయ్యాక జబ్బుల ముప్పు అంత ఎక్కువని 1998లో ప్రకటించారు.

పడకగదిలో బలవంతం సంగతి వేరే దారిలో బయటికొచ్చింది. ఒకప్పుడు చాలా దేశాల్లో భర్త చేస్తే అది చట్టం దృష్టిలో నేరమే కాదు. ఇంగ్లండ్‌లో ఆ మినహాయింపు 1991 దాకా నడిచింది. సామాజిక శాస్త్రవేత్త డయానా రస్సెల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 930 మంది స్త్రీలతో మాట్లాడించి, పెళ్లయినవాళ్లలో ఏడుగురికొకరు భర్త లేదా మాజీ భర్త అత్యాచారానికి గురయ్యారని 1982లో రాసింది. అదే ఏడాది మనస్తత్వవేత్త మేరీ కాస్ తెచ్చిన ప్రశ్నావళి 'అత్యాచారం' అనే మాటను నమ్ముకోకుండా, ఎడతెగని వాదనలకు, ఒత్తిడికి లొంగిపోయారా అని కూడా అడిగింది. ఈ మార్పే అసలు మలుపని నా అభిప్రాయం.

ఎందుకంటే 'వద్దు'కు విలువలేని ఇంట్లో పెరిగిన మనిషికి, భాగస్వామి మొహం ముడుచుకోగానే గొడవెందుకని సరేననడం బలవంతంలా తోచకపోవచ్చు. బాల్యంలో వేధింపు పడ్డ స్త్రీలకు పెద్దయ్యాక మళ్లీ లైంగిక హింస ఎదురయ్యే ముప్పు ఎక్కువని తరువాతి అధ్యయనాలు పదేపదే చూపాయి.

బలవంతం చేసేవాళ్ల సంగతి ఇంత సూటిగా లేదు. అమెరికా పరిశోధకురాలు క్యాథీ విడమ్ 1989 అధ్యయనంలో, చిన్నప్పుడు హింసకో నిర్లక్ష్యానికో గురైనవాళ్లలో హింసానేరాలకు అరెస్టయింది నూటికి 11 మంది. మిగతావాళ్లలో 8 మంది. తేడా ఉంది, కానీ అత్యధికులు ఆ దారి పట్టలేదు. 2013లో ఆసియా, పసిఫిక్ ప్రాంతంలోని ఆరు దేశాల్లో పదివేల మందికి పైగా మగవాళ్లను ఐక్యరాజ్యసమితి సంస్థలు అడిగించినప్పుడూ బాల్యపు గాయాలకు, అత్యాచారానికి సంబంధం కనబడింది. అయితే ఎందుకు చేశావంటే ఎక్కువమంది తమ బాల్యాన్ని చెప్పలేదు. తమకా హక్కుందనుకున్నామన్నారు.