“మొహం మీద అంటేనే తగ్గుతారు”: ఈ అపోహ చేస్తున్న నష్టం

“కాస్త నోరు కట్టుకోరాదూ?” లావుగా ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో ఈ మాట పెళ్లి బంతిలోనూ తప్పదు, ఆఫీసు లిఫ్టులోనూ తప్పదు, ఆస్పత్రి ఓపీలోనూ తప్పదు. నలుగురిలో అంటే రోషమొచ్చి తగ్గుతారని అనేవాళ్ల నమ్మకం. అది శుద్ధ అబద్ధం. ఇంగ్లండ్‌లో 50 ఏళ్లు దాటిన దాదాపు 3 వేల మందిని నాలుగేళ్లు గమనించి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. బరువు విషయంలో వివక్ష ఎదుర్కొన్నామన్నవాళ్లు సగటున కిలో దాకా పెరిగారు. మిగతావాళ్లు ముప్పావు కిలో దాకా తగ్గారు.

మాటలు పడ్డ మనిషి నలుగురిలో తినడానికి జంకి పగలంతా కడుపు మాడ్చుకుంటుంది, రాత్రి ఆకలికి ఆగలేక అతిగా తింటుంది. ఎవరైనా చూసి నవ్వుతారేమోనని నడకకు కేబీఆర్ పార్కు వైపే వెళ్లదు. అన్నిటికన్నా ప్రమాదం, డాక్టరు దగ్గరికీ వెళ్లదు. రొమ్ములో గడ్డ తగిలినా, “ముందు పది కిలోలు తగ్గి రా” అంటారని నెలల తరబడి దాచుకుంటుంది. మీరూ అలా భయపడుతుంటే దయచేసి ఆగకండి. లోపలికి వెళ్లి ఒక్క ప్రశ్న వేయండి: “ఇదే బాధ సన్నగా ఉన్నవాళ్లకు వస్తే ఏ పరీక్షలు రాస్తారు?” నిలబెట్టి అడగాల్సిన ప్రశ్నే ఇది.

బీపీ పట్టీ సంగతీ చూసుకోండి. భుజానికీ మోచేతికీ మధ్యన చేతి చుట్టూ టేపు పెట్టి కొలిస్తే 34 సెంటీమీటర్లు దాటిందా, పెద్ద పట్టీ అడగండి. బాగా పెద్ద పట్టీ కావాల్సిన చేతికి మామూలుది చుడితే పై అంకె సగటున 20 దాకా ఎక్కువ చూపించిందని 2023లో అమెరికాలో చేసిన పరీక్షలో తేలింది. అంటే అక్కర్లేని మాత్ర మింగే ప్రమాదం ఉంది. ఐదు నిమిషాలు కూర్చున్నాకే, చెయ్యి గుండె ఎత్తున ఆనించి చూడాలి. ఓపీ సిబ్బందికి ఒక విన్నపం: బరువు అంకెను హాలంతా వినిపించేలా చదవకండి.

ఇక మిగతా అపోహలు. తిండి ఒక్కటే కారణమా? కాదు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యపు మందులు కూడా బరువు పెంచుతాయి. మందులు మీ అంతట మీరే మానేయకండి, డాక్టరును అడగండి. అంతా థైరాయిడ్ వల్లేనా? దాని వాటా సాధారణంగా కొద్ది కిలోలే. సన్నగా ఉంటే షుగర్ రాదా? వస్తుంది, పరీక్ష వాళ్లకూ కావాలి.

పెళ్లిచూపుల ముందు “నెలలో పది కిలోలు” అనే పొడుల జోలికి మాత్రం పోవద్దు. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది.