పట్టుకుంటే పొడయ్యే మేత బస్తా

నెల్లూరు నుంచి మైపాడు దారిలో ఏ రొయ్యల గుంట దగ్గర ఆగినా గట్టు మీద ఖాళీ మేత బస్తాలు కనిపిస్తాయి. రెండు వేసవులు ఎండలో పడి ఉన్న బస్తాను మడతపెట్టబోతే మడత పడదు, పట్టుకున్న చోటల్లా తెల్లటి పొట్టు రాలుతుంది. చేతికి అంటింది లుంగీకి తుడుచుకుంటాం. గట్టు మీద రాలింది గాలికి లేచి గుంటలో పడుతుంది. ఐదు మిల్లీమీటర్ల కంటే చిన్నవైన ఇలాంటి ముక్కలనే మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. వెనక్కి వెళ్లి చూస్తే, మన నెల్లూరు, ప్రకాశం వైపు ప్లాస్టిక్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కష్టం తీర్చడానికే వచ్చింది. అందుకే ఒకరిని తిట్టి ఊరుకుంటే తేలేది కాదు.

ముందు వలల సంగతి. నూలు వలలు ఉప్పునీటికి తొందరగా చివికిపోయేవి. చెట్ల బెరడు ఉడికించిన కషాయంలో ముంచాలి, వేట నుంచి వచ్చాక ఇసుక మీద ఆరబెట్టాలి. 1950ల చివర నుంచి నైలాన్ దారం దేశంలోని మత్స్యకారులకు అందుతూ వచ్చాక ఆ చాకిరీ తగ్గింది. కుళ్లని వల అంటే వరమే. కానీ తెగి సముద్రంలో ఉండిపోయిన ముక్క కూడా కుళ్లదు. 2004 మే నెలలో బ్రిటన్‌లో శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం తీరపు ఇసుకలో, సముద్రపు నీటిలో కంటికి ఆనని ప్లాస్టిక్ పోగులు, తునకలు ఉన్నాయని చూపించింది. మైక్రోప్లాస్టిక్ అన్న మాట అక్కడి నుంచే వ్యాప్తిలోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 26న సునామీ మన పట్టపుపాళేలను, అంటే మత్స్యకారుల ఊళ్లను, ముంచింది. వలలు పోయినవాళ్లకు మళ్లీ నైలాన్ వలలే కావాల్సి వచ్చాయి. ఆ పూట బతుకు నిలబెట్టినవి అవే.

తర్వాత రొయ్యలు. 1990లలో టైగర్ రొయ్య వేసినవాళ్లను 1994 తర్వాత తెల్లమచ్చ వైరస్ నిలువునా ముంచింది. 2009లో వనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు రోగం రాకుండా షరతులు పెట్టారు: పీతలు దూరకుండా గుంట చుట్టూ కంచె, పక్షులు వాలకుండా పైన దారాలు. మంచి జాగ్రత్తే. కంచె నైలాన్ వలతో, దారాలు ప్లాస్టిక్‌తో కట్టారు. కొన్నిచోట్ల అడుగున పాలిథీన్ షీట్ పరిచారు. ఇవన్నీ ఎండకు పెళుసుబారి రాలుతూనే ఉంటాయి. రొయ్యల పట్టుబడి అయ్యాక గుంట నీళ్లు డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి క్రీకులోకో బకింగ్‌హామ్ కాలువలోకో, చివరికి సముద్రంలోకే పోతాయి. ఒకప్పుడు ఉప్పు బస్తాలతో పడవలు నడిచిన కాలువ అది.

ఇక మెట్ట ప్రాంతం. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే. ప్రకాశం ఏర్పడింది 1970లో. బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లకు ఆర్వో ప్లాంటు రావడం నిజంగా పెద్ద మేలు. ఆర్వో పొర ఫ్లోరైడ్‌తో పాటు ప్లాస్టిక్ తునకలనూ ఆపుతుంది. బాధేమిటంటే, అంత శుభ్రం చేసిన నీళ్లను మళ్లీ ప్లాస్టిక్ క్యాన్లోనే పట్టి, ట్రాలీ ఆటోలో ఎండలో తిప్పుతున్నాం. 2024లో అమెరికాలో పరీక్షించిన సీసా నీళ్లలో లీటరుకు సగటున 2.4 లక్షల కణాలు కనిపించాయి. వాటిలో నూటికి తొంభై, మైక్రో కంటే కూడా చిన్నవైన నానో కణాలు.

తీసేసే దారులు లేకపోలేదు. అదే ఏడాది చైనాలోని గ్వాంగ్‌జౌ పరిశోధకులు గట్టినీళ్లను, అంటే సున్నం ఎక్కువున్న నీళ్లను, మరిగించి చూశారు. గిన్నెకు తెల్లగా పేరుకునే సున్నం ప్లాస్టిక్ తునకలను తనలో పట్టి ఉంచుతుంది. చల్లారాక వడగడితే 90 శాతం దాకా పోయాయి. సున్నం తక్కువున్న నీళ్లలో మాత్రం నాలుగో వంతే. మన బోరు నీళ్లు గట్టివే కదా, మరిగించుకుంటే చాలదా అనిపిస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో అది చేయకూడదు. మరిగితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. అక్కడ ఆర్వో తప్పదు, మారాల్సింది క్యాను. ప్లాంటు దగ్గరికే స్టీలు బిందె తీసుకెళ్లడం చాలా ఇళ్లకు కొత్తేం కాదు.

ఉప్పు సంగతి కూడా చెప్పుకోవాలి. మన తీరంలో ఇస్కపల్లి, కనుపర్తి వైపు ఉప్పు మళ్లున్నాయి. మన దేశపు సముద్రపు ఉప్పులో మైక్రోప్లాస్టిక్ ఉందని ఐఐటీ బాంబే 2018లో తేల్చింది. మామూలు ఇసుక వడపోతతోనే సముద్రపు నీటి నుంచి బరువు లెక్కన 85 శాతం పైగా తీసేయవచ్చని కూడా చెప్పింది. మడికి నీళ్లు పెట్టకముందే ఇసుక గుండా వడగట్టగలిగితే ఎంత మేలు! దాని ఖర్చు ఉప్పు రైతు ఒక్కడి నెత్తిన వేయకూడదు. నీళ్లలోని ప్లాస్టిక్ తీయడానికి అమెరికాలో బెండకాయ జిగురును, మెంతుల జిగురును కూడా వాడి చూశారు. ఆ జిగురు తునకలను ముద్దగా చేసి అడుక్కి దించుతుంది.

మట్టి దగ్గరే చేతులెత్తేయాల్సి వస్తోంది. ల్యాబులో గుప్పెడు మట్టిని చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే మట్టి అడుక్కి పోతుంది, చాలా రకాల ప్లాస్టిక్ పైకి తేలుతుంది. ఎకరా చేనును అలా కడగలేం. మిరపకో పుచ్చకో మొదళ్ల చుట్టూ మట్టి మీద పరిచిన మల్చింగ్ షీటును పంట అవ్వగానే ఎత్తేస్తే పెద్ద ముక్కలుగా వస్తుంది. ఎండలో వదిలేసి రోటావేటర్ తోలితే తునకలై మట్టిలో కలుస్తుంది, ఇక ఏ జల్లెడకూ చిక్కదు. గుంట గట్టు మీద బస్తాదీ అదే లెక్క. మేత ఖాళీ అయిన రోజున నీడకు చేరిస్తే అది ఒక్క బస్తా. రెండో వేసవి దాటాక ఎత్తబోతే చేతిలోకి అంచు మాత్రమే వస్తుంది.