లెక్కలోకి రాని నక్కవాగు

యాంటీబయాటిక్ స్ట్రిప్ ధరలో ముడిసరుకు ఉంటుంది, కూలి ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది, పన్ను ఉంటుంది. పటాన్‌చెరు పక్కన పారే నక్కవాగు మాత్రం ఉండదు.

అమ్మేవాడూ కొనేవాడూ కాక మూడోవాడి నెత్తిన పడే ఇలాంటి ఖర్చును అర్థశాస్త్రంలో బాహ్య వ్యయం అంటారు. ఆ నష్టానికి తగ్గ పన్ను వేసి, దాన్ని తయారీ ఖర్చులోనే కలపాలని 1920లోనే ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ వాదించారు. మన దగ్గర పన్నుకు బదులు రాయితీలు ఇచ్చారు. మెదక్ వెనుకబడిన జిల్లా, నాలుగు ఉద్యోగాలు వస్తాయని 1970లలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ పెట్టారు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అంటే అదే మందును వేరే పద్ధతిలో ఇంకొకరూ చేసుకోవచ్చు. దాంతో హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ (మందుబిళ్లల్లో వాడే అసలు మందు) కంపెనీలు పుట్టుకొచ్చాయి. మందులు చౌకయ్యాయి, పేదవాడికి అందాయి. అది చిన్న మేలు కాదు.

ఆ కంపెనీల వ్యర్థజలం మాత్రం నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి పోయింది. మోటారు వేస్తే బోరులోంచి రంగునీళ్లు వచ్చేవి. ఆ నీళ్లు పారిన మడిలో వరి మాడిపోయేది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాణి కిషన్ రావు ఊళ్లవాళ్లను వెంటబెట్టుకుని ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు నష్టపరిహారం, ఊళ్లకు తాగునీరు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. కానీ పంట నష్టానికైతే ఎకరాల లెక్క ఉంది, పాడైపోయిన భూగర్భజలానికి ఏ లెక్క కట్టాలి?

1990లలో ఈ వ్యర్థజలాల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. సుమారు 90 మందుల కంపెనీల నుంచి ట్యాంకర్లు అక్కడికే వెళ్లేవి. స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, శుద్ధయి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు దాదాపు 45 కిలోలు పోతోందని వాళ్లు లెక్కగట్టారు. స్వీడన్ మొత్తానికి అది ఐదు రోజుల వాడకం. అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన బ్యాక్టీరియా ఇక ఆ మందుకు లొంగదు. అప్పుడు ఆ ఖర్చు నక్కవాగు ఒడ్డున ఆగదు, ఎక్కడో ఆసుపత్రి మంచం మీదున్న రోగి దాకా వెళ్తుంది.

తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఈ నీటిని హైదరాబాద్ మురుగునీటితో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడి నుంచి అది మూసీలోకి వెళ్తుంది. మూసీ నీళ్లతోనూ వరి పండించే రైతులున్నారు.