ముందు విమానం కాదు, ముందు టికెట్టు: ప్రపంచ వింతల యాత్రలో అపోహలు, వాస్తవాలు

"ప్రపంచ వింత కదండీ, రోజూ వేలమంది వెళ్తారు. మా నలుగురికి టికెట్టు దొరకదా?"

టూర్ల ఏర్పాట్లు చూసే నాకు ప్రతి వేసవిలోనూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేనాటికి విమానం టికెట్లు కొనేసి ఉంటారు, హోటలుకు డబ్బు కట్టేసి ఉంటారు, అమ్మానాన్నలకు మాట ఇచ్చేసి ఉంటారు. అసలు చూడబోయే చోటికి ప్రవేశం ఉందో లేదో మాత్రం చివర్న చూస్తారు. మా వృత్తిలో జనం డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క అపోహ వల్లే. కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: టికెట్టు అక్కడికి వెళ్ళాక కొనుక్కోవచ్చు.

వాస్తవం: తాజ్‌మహల్‌కు ఆగ్రా చేరాక కూడా కొనుక్కోవచ్చు. ఆ అలవాటుతో పెరూలో కొండమీది పురాతన కోట మాచు పిచ్చుకు బయలుదేరితే నష్టపోతారు. అక్కడ రోజుకు 4,500 మందికే ప్రవేశం. రద్దీ ఎక్కువగా ఉండే కొన్ని తేదీల్లో మాత్రం 5,600 వరకు అనుమతిస్తారు. టికెట్టు మీద మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, లోపలికి వెళ్ళాల్సిన గంట, నడవాల్సిన దారి అన్నీ ఉంటాయి. 2024 జూన్ నుంచి మూడు సర్క్యూట్లు, అంటే కోట లోపల తిరిగే మూడు మార్గాలు, వాటిలో పది దారులు పెట్టారు. ఒక దారికి టికెట్టు కొని మరో దారిలో తిరగనివ్వరు. క్యాలెండర్లలో చూసే ఆ ఫొటో కావాలంటే ఒకటో సర్క్యూట్, లేదా రెండోది. అందరికీ కావలసింది రెండోదే కనుక ముందుగా అయిపోయేదీ అదే. పైగా అక్కడ వానలు లేని నెలలు, అమెరికాలో బడి సెలవులు ఒకేసారి వస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా వెళ్ళేవారు కొన్ని నెలల ముందే టికెట్టు చూసుకోవాలి.

తిరుమల మూడు వందల రూపాయల దర్శనానికి మూడు నెలల ముందే ఫోను పట్టుకొని కూర్చునే మనకు స్లాటు పద్ధతి కొత్త కాదు. టికెట్టు దొరికాకే రైలు చూసుకుంటాం. విదేశాలకు వెళ్ళేటప్పుడు ఈ వరుస ఎందుకు తలకిందులవుతుందో నాకు అర్థం కాదు.

నిరుడు డల్లాస్‌లో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి, గుంటూరు నుంచి వచ్చిన తల్లిదండ్రులతో, మాచు పిచ్చుకు వెళ్ళేవారు విమానం దిగే కుస్కో నగరం చేరాక నాకు ఫోను చేశాడు. వాళ్ళకు అప్పుడు రాత్రి, మనకు తెల్లవారింది. మర్నాడు పొద్దున రైలు, అదే సాయంత్రం తిరుగు రైలు, చేతిలో ప్రవేశం టికెట్టు లేదు. "రోజుకు వెయ్యి టికెట్లు అక్కడే ఇస్తారటండీ, ఎక్కడో చదివాను" అన్నాడు. చదివింది నిజమే. కొండ కింద ఉన్న ఊళ్ళో ఆ వెయ్యి టికెట్లు అమ్ముతారు. కానీ అవి అదే రోజుకు కావు, మర్నాటికి. సగం తెలిసిన మాట ఎంత పని చేస్తుందో చూడండి. తిరుగు రైలు మార్చుకున్నారు, ఆ ఊళ్ళో ఒక రాత్రికి గది తీసుకున్నారు, పాస్‌పోర్టులతో వరుసలో నిలబడ్డారు. చివరికి మూడో సర్క్యూట్ దొరికింది. ఆ క్యాలెండర్ ఫొటో రాలేదని అబ్బాయి బాధపడ్డాడు గానీ, చేతికర్రతో నడిచే వాళ్ళ నాన్నగారికి అదే మేలయింది. ఆ దారి ఎక్కువగా కింది భాగంలోనే సాగుతుంది, ఎక్కుడు తక్కువ. సూర్యాలయం రాతి గోడను దగ్గరగా చూశానని ఆయన సంబరపడ్డారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఇప్పుడు నేనే మూడోది చెబుతున్నాను.

రోములో కొలోసియం సంగతీ ఇంతే. 2023 అక్టోబరు నుంచి అక్కడ టికెట్టు మీద పేరు తప్పనిసరి, గేటు దగ్గర గుర్తింపు పత్రంతో సరిచూస్తారు. సాధారణ టికెట్లు నెల రోజుల ముందు విడుదలవుతాయి. మనవాళ్ళకు చిక్కు పేర్ల దగ్గరే వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టికెట్టు కొనేటప్పుడు ఒక్క అక్షరం కొట్టి ఊరుకుంటారు. అలా చేయకండి. పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకొని, అందులో ఉన్నది ఉన్నట్టు నింపండి. పద్దెనిమిది నిండని పిల్లలకు డబ్బు లేదు గానీ టికెట్టు మాత్రం ఉండాలి.

"అధికారిక సైటులో అయిపోయాయి, వేరేచోట మూడింతలకు కనిపిస్తున్నాయి, ఇదేం మాయ?" అని అడుగుతారు. మాయ కాదు, వ్యాపారం. కంప్యూటర్ ప్రోగ్రాములతో మూకుమ్మడిగా కొనేసి, గైడును జోడించి, ధర పెంచి అమ్మడం కొన్నేళ్ళు సాగింది. ఈ వ్యవహారంలో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025లో దాదాపు రెండు కోట్ల యూరోల జరిమానాలు వేసింది. మామూలు టికెట్టు 18 యూరోలని గుర్తుపెట్టుకుంటే, ఎక్కడైనా ఎంత అదనంగా ఇస్తున్నారో మీకే తెలుస్తుంది.

ఇక మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

ఏడు వింతలను యునెస్కో ఎంపిక చేసిందన్నది తప్పు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఒక ఫౌండేషన్ ఓట్లు సేకరించి 2007 జులై 7న లిస్బన్‌లో ప్రకటించింది. ఆ పోటీతో తనకు సంబంధం లేదని యునెస్కో అప్పుడే చెప్పింది. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపించదు. భూమి చుట్టూ తిరిగే నౌక నుంచి చూసినా తనకు కనిపించలేదని 2003లో అంతరిక్షంలోకి వెళ్ళిన చైనా వ్యోమగామి యాంగ్ లివెయ్ స్వయంగా చెప్పాడు. అది అంత పొడవు కదా, ఎప్పుడు వెళ్ళినా ఖాళీ ఉంటుందనుకోవద్దు. ఆ గోడలో అందరూ వెళ్ళే భాగమైన బాదాలింగ్ దగ్గర రోజుకు 65,000 మందే పరిమితి. అక్టోబరు మొదటి వారం వాళ్ళ జాతీయ సెలవులు, అప్పుడు వెళ్ళకండి. జోర్డాన్‌లో కొండరాళ్ళలో చెక్కిన పాత నగరం పెట్రాకు పొద్దున వచ్చి సాయంత్రం సరిహద్దు దాటిపోయేవారికి టికెట్టు 90 దినార్లు, దేశంలో రాత్రి బస చేసేవారికి 50.

తాజ్‌మహల్ గురించి శిల్పుల చేతులు నరికించారని, నల్ల తాజ్ కట్టబోయారని అడుగుతూనే ఉంటారు. రెండింటికీ ఆధారం లేదు. ఆ కథలకన్నా శుక్రవారం సెలవని గుర్తుంచుకుంటే మేలు. గురువారం రాత్రి ఢిల్లీలో దిగి పొద్దున్నే ఆగ్రాకు కారు మాట్లాడుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లోపలి సమాధి మందిరానికి 50 రూపాయల టికెట్టు చాలదు, మరో 200 కట్టాలి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన పిల్లలు విదేశీ ధర 1,100 కట్టక్కర్లేదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంటే భారతీయుల ధరే వర్తిస్తుందని 2021లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కార్డు వెంట ఉంచుకోండి.

చివరిగా, ఎత్తు గురించి భయపడే అమ్మలకు. "మాచు పిచ్చులో ఊపిరాడదట కదా" అని ఎంతోమంది దిగులుగా అడుగుతారు. మాచు పిచ్చు ఉన్నది 2,430 మీటర్ల ఎత్తున. ఇబ్బంది పెట్టేది విమానం దిగే కుస్కో, అది దాదాపు 3,400 మీటర్లు. అందుకే మొదటి రాత్రులు కుస్కోలో ఉండకుండా నేరుగా లోయలోని ఒయాంతాయ్‌తాంబో లాంటి ఊరికి దిగిపోండి. గుండె జబ్బు, బీపీ ఉంటే టికెట్టు కొనకముందే డాక్టరును అడగండి. ఇంకో మాట, ఇది ఎవరూ ముందుగా చెప్పరు: కోట లోపల మరుగుదొడ్డి లేదు, ప్రవేశద్వారం బయటే ఉంది, ఒకసారి బయటికి వస్తే మళ్ళీ లోపలికి పంపరు. షుగరు ఉన్న పెద్దవాళ్ళను లోపలికి వెళ్ళే ముందే అక్కడికి తీసుకెళ్ళండి.